ప్యాంటులో జంపఖానా

ఇది చదివాక మీరు నన్ను పిరికివాడంటే ఒప్పుకుంటాను. అబద్ధాలకోరంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే ఆ రోజు మా నేతగాళ్ల పేట కొత్తవాడ సగం చూస్తుండగా, నడిరోడ్డు మీద, నా ప్యాంటులోంచి నేనే సాక్ష్యం లాగి చూపించాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మగ్గం మీద జంపఖానా నేస్తుంటే పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది.

"ఎస్సై సార్ రమ్మంటాండు. జల్ది రా."

అంతే, పెట్టేశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి! ముందురోజే హెల్మెట్ లేకుండా దొరికిపోయి, ట్రాఫిక్ కానిస్టేబుల్ మీద "నాకు చట్టం తెలుసు" అని గొంతు పెంచాను. నాకు తెలిసిన చట్టం ఒక్కటీ లేదనుకోండి, అది వేరే సంగతి.

పక్కింటి సాంబన్న జన్మలో స్టేషన్ మెట్టెక్కలేదు. కానీ లోపల జరిగేదంతా కళ్లకు కట్టినట్టు చెబుతాడు.

"పిలిచిండ్రంటే అయిపాయె తమ్మీ. ముందుగాల కొడ్తరు, పేరు తర్వాత అడుగుతరు."

"మరేం జెయ్యాలె అన్నా?"

"నేసేటోనివి, నన్నడుగుతవా? జంపఖానా సుట్టుకో!"

రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను రోట్లోనే పరుపు వేశాను. ఇంట్లో దొరికిన జంపఖానాను ముక్కలుగా కత్తిరించి తొడలకూ వెనకవైపూ చుట్టి, నడుముకు తాడుతో బిగించి, పైన మా నాన్న వదులు ప్యాంటు తొడిగాను. మే నెల, వరంగల్ ఎండ. మీరే ఊహించుకోండి.

స్టేషన్లో ఎస్సై కుర్చీ చూపించాడు. "కూసో."

"నిలబడ్తా సార్."

"కూసోవయ్యా!"

కూర్చుందామంటే నడుము వంగదే! ఆయన నన్ను వింతగా చూసి, "మా మీటింగు హాలుకు జంపఖానాలు గావాలె. నువ్వు మంచిగ నేస్తవటగా, కొలతలు తీస్కో" అన్నాడు.

కొలతలా? దీనికా పిలిచింది? ఆ ఆశ్చర్యానికి ఉక్కపోత తోడై, కళ్లు తిరిగి దభాలున పడ్డాను.

పెద్ద మీసాల కానిస్టేబుల్ ఒకాయన పాపం నీళ్లు చల్లి, నన్ను భుజాన వేసుకుని దవాఖానకు తీసుకుపోదామని బయటికొచ్చాడు. అక్కడ చూడాలి! సాంబన్న నా భార్య సుజాతనూ, సగం కొత్తవాడనూ వెంటేసుకొచ్చాడు. అందరి చేతుల్లోనూ ఫోన్లే.

"సంపిండ్రో! కాళ్లు జూడుండ్రి, ఎట్ల ఉబ్బినయో!" అని సాంబన్న కేకేశాడు.

సుజాత గుండెలు బాదుకుంటోంది. ఎవరో కానిస్టేబుల్ కాలర్ పట్టుకున్నారు. "వీడియో గ్రూపుల పెట్టినం. నీ నౌకరి ఊడుడే!"

అప్పటికి నాకు తెలివొచ్చింది. ఆ మీసాల మనిషి భుజం మీదున్న నన్నే బతిమాలాడు. "నేను నీళ్లు సల్లిన, అంతే. తమ్మీ, నువ్వన్న చెప్పు. ఇద్దరు పిల్లలున్నరు నాకు."

"నన్నెవ్వరు కొట్టలే!" అని అరిచాను.

"భయంతోటి గట్ల చెప్తాండు," అన్నాడు సాంబన్న.

ఇంక దారి లేదు. కిందికి దిగి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో తాడు విప్పాను. ఎర్రచారల ముక్క ఒకటి జారింది. ఇంకొకటి. మరొకటి. కాళ్ల వాపు మొత్తం రోడ్డు మీద పడింది. సుజాత ఏడుపు సగంలో ఆపి, ఒక ముక్క ఎత్తి చూసింది.

"ఓ అయ్యో, గిది మన మంచం మీదిది గదా! దీనికి కత్తెర పెట్టెతందుకు నీకు చేతులెట్లొచ్చినయ్?"

ఆ రోజు పడ్డ దెబ్బ ఏదైనా ఉంటే అదే.

ఇంతలో ఎస్సై బయటికొచ్చి, ఒక ముక్క పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేత మంచిగున్నది. గిదే డిజైన్ ఖాయం. కాని మాకు కొత్తయి నేసియ్యి, ఇవి వద్దు."

అందుచేత, మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఎవరు పిలిచినా ఎందుకని అడిగే కదులుతాను. జంపఖానాను నేల మీద తప్ప ఒంటి మీద పరచను. నెత్తికి హెల్మెట్ ఒక్కటే పెడతాను, అది కూడా బండెక్కినప్పుడే.