మూడు వైపులా కుట్టిన జేబులు

మా ఎదురింటి టీచరుగారు పోయారని నాకు బస్సులో తెలిసింది. జగ్గయ్యపేటలో ఎక్కిన బస్సు చిల్లకల్లు దాటి నందిగామ వైపు వెళుతోంది. పగలు మా అమ్మను చూసుకునే మనిషి ఫోన్ చేసింది. "అక్కా, టీచరుగారు పోయారక్కా. కుట్టుమిషను ముందు కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు. పాలావిడ వెళ్లి చూసింది. నువ్వు వచ్చేయి" అంది. తర్వాతి స్టాపులో దిగి, రోడ్డు దాటి, జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డాను. అలా నిలబడ్డప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. రేపటి నుంచి మూడింటికి అమ్మ దగ్గర ఎవరుంటారు? ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

అమ్మకు నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. అక్షరాలు మరిచిపోలేదు, మనుషుల్ని మరిచిపోతోంది. నన్ను ఒక్కోరోజు గుర్తుపడుతుంది, ఒక్కోరోజు "ఎవరమ్మా మీరు?" అని మర్యాదగా అడుగుతుంది. నేను నందిగామలో ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. ఇంట్లో పెట్టుకున్న మనిషి మూడింటికి వెళ్లిపోతుంది, నేను చేరేసరికి ఆరున్నర. ఆ మూడున్నర గంటలూ టీచరుగారివి. నేను అడగలేదు. ఒకరోజు అమ్మ గేటు తీసుకుని రోడ్డెక్కితే ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారట. మర్నాటి నుంచి మూడయ్యేసరికి కళ్లజోడూ కత్తెరా పట్టుకుని వచ్చి కూర్చునేవారు.

ఆవిడ హైస్కూల్లో కుట్టుపని నేర్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. భుజం దగ్గర పైటకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది, దానికి ఏదో ఒక రంగు దారం ముక్క వేలాడుతుండేది. కాఫీ ఇస్తే సగం వేడిగా తాగి, మిగతా సగం మరిచిపోయి, చల్లారాక అదే గొప్ప రుచన్నట్టు తాగేవారు.

అమ్మకు పాత ఆల్బం ఒకటుండేది, ఫొటోలు అట్టకు అంటించేసిన రకం. అమ్మ వాటిని గోళ్లతో గీకుతూ కూర్చునేది. టీచరుగారు రెండు రోజులు ఊరికే చూశారు. మూడో రోజు, "అంటిస్తే చూసుకోడానికేనమ్మాయ్. మీ అమ్మకి పట్టుకోడానికి కావాలి" అన్నారు. ఆ ఫొటోలన్నీ తడిగుడ్డ పెట్టి ఓపిగ్గా ఊడదీశారు. వాటి కోసం ఆవిడే ఓ కొత్త ఆల్బం తయారుచేశారు.

పేజీలకు దళసరి పెళ్లికార్డులు, జేబులకు చీరల కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ కవర్లు. వీధిలో అందరి ఇళ్ల నుంచీ పాత కార్డులు వచ్చేవి. పసుపు రాసిన మూలలు ముందు కత్తిరించేవారు, ఫొటోకి అంటితే పోదని. కార్డు మీది వినాయకుణ్ణి చెత్తలో వెయ్యకూడదు కదా, ఆయన్ను గుండ్రంగా కత్తిరించి ఒక సంచిలో దాచేవారు. ముక్త్యాల వెళ్లేవాళ్లు దొరికితే ఆ సంచి ఇచ్చి కృష్ణలో కలపమనేవారు. ఒకసారి నేనూ బస్సులో ఒళ్లో పెట్టుకుని అంతమంది వినాయకుల్ని తీసుకెళ్లాను. తర్వాత కవరు ముక్కను కార్డు మీద పెట్టి, మిషను మీద మూడు వైపులా కుట్టేవారు, పైన వదిలేసి. కుట్టు ఎడంగా ఉండాలి. "దగ్గరగా కుడితే చిల్లులెక్కువై అట్ట చిరుగుద్ది. దేన్నైనా మరీ బిగించకూడదు" అనేవారు. అట్టల గురించే అంటున్నారనుకునేదాన్ని.

కార్డుల మీద అచ్చు మాత్రం అలాగే ఉండేది. మా నాన్న ఫొటో లాగితే వెనకాల ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల పెళ్లి ఆహ్వానం. అమ్మ దాన్ని పైకి చదివి, బీరువా తెరిచి, "ఏ చీర కట్టుకోను? టైమైపోతోంది" అని ఒకటే హడావుడి. ఆ పెళ్లి ఎప్పుడో అయిపోయిందని చెప్పి నేను వాదనకు దిగేదాన్ని. టీచరుగారు మాత్రం, "ముహూర్తం రేపండీ వదినగారూ. తొందరేం లేదు, కూర్చోండి" అనేవారు. అమ్మ కూర్చునేది. ఆ పెళ్లిళ్లన్నీ రేపే. నాకు ఆ ఒక్క ముక్క చాలాకాలం చేతకాలేదు.

నా పని వేరే ఉండేది. అమ్మ పగలంతా ఫొటోలు లాగి, ఒకరి జేబులో ఒకరిని పెట్టేది. నాన్న జేబులో నాన్న ఉండరు, మా మేనత్త ఉంటుంది. ఇంటికి రాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా, నేను అన్నీ మళ్లీ సర్దేదాన్ని. "ఎవరి జేబులో ఎవరుంటే ఏంటమ్మాయ్? అందరూ మీవాళ్లేగా" అనేవారు టీచరుగారు. నేను వినేదాన్ని కాదు.

అడ్మిషన్ల రోజుల్లో ఒక సాయంత్రం వచ్చేసరికి నాన్న ఫొటో నీళ్ల చెంబులో ఉంది. మిగతావి నేలమీద. నాకు ఒళ్లు మండింది. ఆఫీసు సంచిలో స్టాప్లరు ఉంది. ఫొటోలన్నీ తుడిచి, సరైన జేబుల్లో పెట్టి, ప్రతి జేబు పైనా పిన్ను కొట్టేశాను. అమ్మ నా పక్కనే కూర్చుని చూస్తోంది. టక్ అన్నప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. నేను ఆపలేదు.

మర్నాడు వచ్చేసరికి అమ్మ వేలికి గుడ్డ కట్టి ఉంది. టీచరుగారు ఆల్బం ఒళ్లో పెట్టుకుని, కత్తెర మొనతో పిన్నులు ఒక్కొక్కటే లేపి, స్టీలు గిన్నెలో వేస్తున్నారు.

"ఎవరు కొట్టారమ్మాయ్ ఇవి?"

"నేనేనండి."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. నా మొహం కేసి కాసేపు చూసి, "అలిసిపోయావు" అన్నారు. "వెళ్లి పడుకో కాసేపు. నేనుంటాలే."

అప్పటికి ఎన్నాళ్లుగానో నాతో ఎవరూ ఆ మాట అనలేదు. పక్క గదిలోకి వెళ్లి, సంచి భుజానికి ఉండగానే పడుకుని ఏడ్చాను. అలాగే నిద్రపోయాను. లేచేసరికి పిన్నులన్నీ పోయాయి. ప్రతి జేబు పైభాగం మధ్యలో, బొటనవేలు పట్టేంత, నెలవంకలా కత్తిరించి ఉంది. "ఇప్పుడు గీక్కోక్కర్లేదు, వేలు పెట్టి లాగితే వచ్చేస్తది" అన్నారు. పిన్నుల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి, జేబుకు రెండేసి చిల్లులు. ఆల్బం తెరిచినప్పుడల్లా అవే ముందు కనిపిస్తాయి.

ఆవిడ పోయిన రోజు అమ్మకు నిజమే చెప్పాను. భోరుమని ఏడ్చింది. గంట తర్వాత గేటు వైపు చూసి, "టీచరుగారు రాలేదేం?" అంది. రెండోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఊరెళ్లారమ్మా" అన్నాను. ఇప్పుడు రోజూ మూడింటికి అదే ప్రశ్న, అదే జవాబు. పర్మిషన్ పెట్టుకుని తొందరగా వస్తున్నాను. అలా ఎన్నాళ్లు రానిస్తారో తెలియదు.

టీచరుగారి తమ్ముడి కొడుకు ఖమ్మం నుంచి వచ్చి, పెద్దకర్మ కార్డు ఇచ్చి వెళ్లాడు. మా వైపు ఆ కార్డు ఇంట్లోకి తేరు. గుమ్మం బయటే చదివి చింపేస్తారు. కానీ దాని మీద టీచరుగారి ఫొటో ఉంది. అంత ఆల్బం కుట్టిన మనిషిది మా ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. చింపలేక వరండా కిటికీ ఊచల్లో, బయటి వైపు దోపాను.

నిన్న నేను వచ్చేసరికి కార్డు అమ్మ చేతిలో ఉంది. "టీచరుగారింట్లో భోజనాలట. ఏ చీర కట్టుకోను?"

"రేపమ్మా. తొందరేం లేదు, కూర్చో" అన్నాను.

అమ్మ కూర్చుంది. ఆల్బం తెరిచి, నా చిన్నప్పటి ఫొటో ఉన్న జేబులోకే ఆ కార్డును దూర్చింది. అది పొడుగ్గా ఉండి, టీచరుగారి తల, కళ్లజోడు పైకి కనిపిస్తున్నాయి. కర్మ కార్డు, పైగా వేరేవాళ్ల జేబు. అలవాటు కొద్దీ తీయబోయాను. అమ్మ నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఉండనీ. అలిసిపోయావు, వెళ్లి పడుకో. టీచరుగారున్నారుగా."

వెళ్లి పడుకున్నాను. తలుపు తెరిచే ఉంచాను. అమ్మ ఆ నెలవంకలో బొటనవేలు పెట్టి టీచరుగారిని సగం పైకి లాగుతోంది, ఆవిడ కేసి చూస్తోంది, మళ్లీ మెల్లగా లోపలికి నెడుతోంది.