కర్నల్ సాబ్ అడిగే ప్రశ్న

ఈ ఉదయం ఆపరేషన్ గుడ్డలు ఉడికించే ఆటోక్లేవ్ మూత తీయగానే ఆవిరితో పాటు కాగిన నూలు వాసన ముఖాన కొట్టింది. ఇరవై ఏళ్లుగా రోజూ పీల్చే వాసనే. అయినా కొన్ని రోజులు అది నన్ను ఊరికే వదలదు. కొంటాలో నేను నర్సుగా చేరిన చిన్న ధర్మాసుపత్రికి, అక్కడి సర్జన్ దగ్గరికి లాక్కుపోతుంది. ఆయన్ని అందరూ కర్నల్ సాబ్ అనేవారు. అసలు పేరు రిజిస్టర్లో తప్ప ఎవరి నోటా ఉండేది కాదు. నాగపూర్ వైపు మనిషి. సైన్యంలో సగం జీవితం మంచుకొండల్లో, గుడారాల కింద ఆపరేషన్లు చేసి, రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చోకుండా శబరి నది ఒడ్డునున్న మా కొంటాకు వచ్చిపడ్డారు. ఎందుకొచ్చారని అడిగితే, "ఇక్కడ సర్జన్ లేడు కదా" అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు.

మాది కొంటా బజారులో కిరాణా కొట్టు. తెలుగు ఇంట్లో, హిందీ బళ్లో, చుట్టుపక్కల గూడేలవాళ్లు మాట్లాడే దోర్లీ మా కొట్టులో తూకం వేస్తూ నేర్చుకున్నాను. వాటితో పాటు ఇంకొకటి కూడా వంటబట్టింది: వచ్చినవాడికి లేదు అని చెప్పకూడదు. సరుకు లేకపోతే "రేపొస్తది" అనాలి. నాన్న అలాగే అనేవాడు, నేనూ అలాగే అనేదాన్ని. అడిగినవాడు నవ్వుముఖంతో వెళ్లేవాడు. రేపటి సంగతి రేపు. నర్సు బట్టలు వేసుకున్నా ఈ అలవాటు నన్ను వదల్లేదు. సూది నొప్పి పుట్టదనేదాన్ని. రేపే ఇంటికి పంపుతారనేదాన్ని. వార్డులో అందరికీ నేనంటే ఇష్టం, ఆ ఇష్టమంటే నాకు మరీ ఇష్టం.

కర్నల్ సాబ్‌కు ఒక పద్ధతి ఉండేది. రోగిని బల్ల మీద పడుకోబెట్టాక, మత్తుసూది వేసే ముందు, తల దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడిగేవారు. తనకొచ్చిన ముక్కల తెలుగులో, "నువ్వు చెప్పు. ఇప్పుడు నేను ఏం చేస్తది?" అనేవారు. మాకు నవ్వు ఆగేది కాదు. రోగి తన మాటల్లో, తన భాషలో జవాబు చెప్పాలి. అది సరిగ్గా ఉంటేనే ఆపరేషన్ మొదలు. వేలిముద్ర వేసిన ఒప్పుకోలు కాగితం ఆయన లెక్కలోకే వచ్చేది కాదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఈయనకు కబుర్లు కావాలా అని నేను గొణుక్కునేదాన్ని.

ఆ వానాకాలం ఎర్రబోరు వైపు నుంచి ముత్తయ్యను మంచం మీద మోసుకొచ్చారు. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. పాదం మీద పాము కరిచిందని ఇంట్లోవాళ్లు పిక్క దగ్గర తాడు బిగించి కట్టారు. వాగు పొంగి రెండు రోజులు దారి దొరకలేదు. ఆ రెండు రోజులూ కట్టు విప్పలేదు. పాము విషంతో ఏమీ కాలేదు గానీ, నెత్తురాడక పాదమంతా నల్లబడి చచ్చిపోయింది. కాలు తీసేయకపోతే మనిషి దక్కడు. కర్నల్ సాబ్ నాతో హిందీలో, "పక్కన కూర్చుని చెప్పు. పూర్తిగా చెప్పు" అన్నారు.

కూర్చున్నాను. ముత్తయ్య నా ముఖంలోకే చూస్తూ, "నేను మల్ల చెట్టెక్కుతనా సిస్టరమ్మా? ఎక్కకుంటే ఇంట్ల ఏం తింటరు?" అన్నాడు. పక్కన అతని భార్య లచ్చమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నా నోట కొట్టు మాటే వచ్చింది. "ఏం గాదన్నా. కుళ్లింది కడిగి కట్టు కడతరు. మంచిగైతది." ఆ మాట మీదే అతను వేలిముద్ర వేశాడు.

బల్ల మీద ప్రశ్న రానే వచ్చింది. ముత్తయ్య ధీమాగా, "కుళ్లింది కడిగి కట్టు కడతవు సారూ" అన్నాడు. ఆపాటి తెలుగు ఆయనకు అర్థమవుతుంది. నా వైపు చూశారు. చేతి తొడుగులు తీసి ట్రేలో పడేసి బయటికి నడిచారు.

"భయపడి పారిపోతాడని అలా చెప్పాను సాబ్" అన్నాను వెనకాలే వెళ్లి.

"పారిపోతే వెంటపడి బతిమాలుదాం. అబద్ధం చెప్పి కోయను."

"జ్వరం పెరుగుతోంది. టైం లేదు."

"లేదు. అందుకే తొందరగా వెళ్లి నిజం చెప్పు." తర్వాత అన్నారు: "కొండల మీద ఒక జవానుకు చెయ్యి తీసేశాను. నిద్రలేస్తే అంతా బాగుంటుందని చెప్పి మత్తిచ్చాను. లేచాక నన్ను తిట్టలేదు. కానీ ఎవరినీ కట్టు మార్చనివ్వలేదు, ఏ మందూ మింగలేదు. గాయం కుళ్లింది. భుజం దాకా మళ్లీ కోయాల్సి వచ్చింది. రెండోసారి కోసింది కత్తి కాదు, నా నోరు."

లోపలికి వెళ్లి, కాలు తీసేయాలని చెప్పాను. ముత్తయ్య బల్ల మీంచి లేవబోయాడు. "పోనియ్యున్రి నన్ను. సస్తే కాలుతోనే సస్త!" కర్నల్ సాబ్ స్టూలు లాక్కుని అతని తలకు సమానంగా కూర్చున్నారు. లచ్చమ్మను లోపలికి పిలిపించారు. చేతిలో అంత పని ఉన్నా ఎవరినీ తొందరపెట్టలేదు.

"చెట్టెక్కుడు ఇగ లేనే లేదా?" అన్నాడు ముత్తయ్య నాతో.

"లేదన్నా." ఆ మాట అనడం నాకు చేతనవునని నాకే తెలియదు.

"మరి నా పిల్లలు?"

"నాకు తెల్వదన్నా."

లచ్చమ్మ బల్లకు ఆనుకుని నిలబడింది. "గీసేటోడు ఇంకోడు దొరుకుతడు. నువ్వు కూసొని అమ్ము. నాకు మనిషి గావాలె" అంది. అతను, "మోకాలన్న ఉంటదా?" అని అడిగాడు. కర్నల్ సాబ్ జవాబును ఉన్నదున్నట్టు చెప్పాను: "ఉంచనీకె చూస్తరు. మాట మాత్రం ఇయ్యరు."

ఆయన మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ముత్తయ్య పళ్లు బిగించి, "నా కాలు కోస్తవు. మోకాలు ఉంచనీకె చూస్తవు" అన్నాడు. అప్పుడు కర్నల్ సాబ్ కొత్త తొడుగులు అడిగారు.

మర్నాడు పొద్దున ముత్తయ్య దుప్పటి కింద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. మోకాలు దొరికింది. నా వైపు చూసి, "ఈసారి నిజమే చెప్పినవ్" అని గోడవైపు తిరిగాడు. ఆ గొంతులో ప్రేమేమీ లేదు. కానీ ఇంటికి వెళ్లేదాకా ప్రతి మాత్రా దేనికని నన్నే అడిగి మింగాడు.

కర్నల్ సాబ్ మరికొన్నేళ్లు పనిచేసి, చెయ్యి వణకడం మొదలైన వారమే కత్తి కింద పెట్టేశారు. పోయిన ఏడాది ఆయన పోయారని తెలిసి చంటిపిల్లలా ఏడ్చాను. ఇప్పుడు జగదల్‌పూర్ ఆసుపత్రిలో నా కింద పనిచేసే నర్సు పిల్లలు నాది రాతిగుండె అనుకుంటారట. అనుకోనీ. ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ముత్తయ్య అన్న "ఈసారి" మాత్రం ఈనాటికీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఎవరి మంచం పక్కన కూర్చున్నా, ఎంత కష్టమైనా, మొదటిసారే నిజం చెబుతాను.