పాస్‌పోర్టు అక్కర్లేని ఓడ

ఇరవై ఏళ్లకు పైగా ఒక సంగతి నా లోపల మోస్తూ తిరుగుతున్నాను. మా ఆయనకు తెలియదు. మా తమ్ముడికి తెలియదు. బరువు అలవాటైపోతే తేలికవుతుందని అనుకునేదాన్ని. కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పూర్తిగా పశ్చాత్తాపపడి రాస్తున్నానని మాత్రం అనుకోకండి. ఇందులో ఒక మనిషి మీద నాకు ఈ రోజుకీ జాలి లేదు.

అప్పట్లో మేము సిడ్నీలో టూంగాబీలో ఉండేవాళ్లం. నేను పారమట్టాలో ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసేదాన్ని. మా తమ్ముడు మురళి వై-టూ-కే పని మీద వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తారీఖులు తప్పుగా చదివి ఆగిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ పాత ప్రోగ్రాములు సరిచేయడానికి మన కుర్రాళ్లు విమానాల నిండా దిగారు. మురళితో పాటు అదే ఆఫీసులో చేరినవాడు కిరణ్. వాడిది ఒంగోలు, మాది చీరాల. నన్ను అక్కా అని పిలిచేవాడు. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోజనం. గోంగూర పచ్చడి వాడికి విడిగా సీసాలో పెట్టి ఇచ్చేదాన్ని. వాడూ నాకు తమ్ముడే అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆగకపోయేసరికి ఇంతమంది మనకెందుకని ఆఫీసుల్లో లెక్కలు మొదలయ్యాయి. మురళీ, కిరణ్ ఇద్దరిలో ఒకరినే ఉంచుతామన్నారు. తర్వాత కొద్ది రోజులకే మేనేజరు మురళిని పిలిచి, నీ అనుభవం సర్టిఫికెట్ అమీర్‌పేటలో కొన్నదటగా అని అడిగాడు.

కొన్నదే. దాచను. కానీ కిరణ్‌దీ అక్కడిదే. ఇద్దరూ ఒకే రోజు, ఒకే మెట్లెక్కి వెళ్లి తెచ్చుకున్నారు.

మురళి ఉద్యోగం పోయింది, దానితో వీసా పోయింది. ఎయిర్‌పోర్టుకి కిరణే కారులో దింపాడు. సూట్‌కేసు తనే ఎత్తి ట్రాలీలో పెట్టాడు. మురళిని కౌగిలించుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికి చేరాక మురళి ఫోన్ చేసి, సర్టిఫికెట్ గురించి చెప్పింది కిరణేనని చివరి రోజు మేనేజరే అన్నాడని నాతో చెప్పాడు. మురళికి కుదిరిన పెళ్లి తప్పిపోయింది. వాడు చీరాలలో మా బాబాయి బట్టల కొట్లో కూర్చున్నాడు. మళ్లీ కంప్యూటర్ ముట్టుకోలేదు.

కిరణ్‌తో నేనేమీ అనలేదు. ఎందుకు అనలేదో నాకే తెలియదు. అడిగితే ఏడ్చి కాళ్లు పట్టుకుంటాడని, అప్పుడు నేను కరిగిపోతానని భయపడ్డానా? లేక అప్పటికే నా మనసులో ఏదో తయారవుతోందా? వాడు ఆదివారాలు వస్తూనే ఉన్నాడు. నేను వడ్డిస్తూనే ఉన్నాను. ఆ ఏడాదే వాడు ఇండియా వెళ్లి పెళ్లి చేసుకొచ్చాడు. ఆ అమ్మాయి పేరు శైలజ. సన్నగా, కళ్లద్దాలతో, ఏం మాట్లాడినా ముందు కాస్త ఆలోచించి మాట్లాడే పిల్ల. మొగుడు నన్ను అక్కా అంటాడు కాబట్టి తను వదినా అనేది. మా వంటింట్లో నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగేది. నాకు ఆ పిల్ల నచ్చింది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నచ్చని మనిషికి చేసిన పని కాదిది.

ఒక శనివారం పొద్దున ఇద్దరూ మా ఏజెన్సీకి వచ్చారు. కిరణ్ ఆఫీసులో ఎవరో ఓడ ప్రయాణం చేసొచ్చాడట.

"లైసెన్స్ ఒక్కటే చూపించాడంట అక్కా. పాస్‌పోర్ట్ అడగనే లేదంట. నిజమేనా?"

నిజమేనని చెప్పాను. సిడ్నీలో ఎక్కించుకుని, వేరే ఏ దేశమూ తాకకుండా మళ్లీ ఇక్కడే దింపే ఓడకి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలు. వేరే దేశం రేవుకి వెళ్లే ఓడకైతే పాస్‌పోర్టు తప్పనిసరి. శైలజకి లైసెన్స్ లేదు. అందుకని పాస్‌పోర్టే పట్టుకొచ్చింది. కిరణ్‌దీ కలిపి రెండూ బల్ల మీద పెట్టింది. నేను తెరిచాను.

మా యజమాని లెబనాన్ నుంచి వచ్చిన పెద్దావిడ. పనిలో చేరిన రోజే నాకు ఒక పాఠం చెప్పింది. ఈ దేశ పౌరులు కానివాళ్లు ఎవరొచ్చినా ముందు వీసా కాగితం చూడు, ఆ తర్వాతే టికెట్ సంగతి ఎత్తు అని. చూశాను. కిరణ్‌ది ఉద్యోగం వీసా. ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. శైలజ విజిటర్‌గా వచ్చి ఇక్కడే భార్య వీసాకి పెట్టుకుంది. అది వచ్చేదాకా ఉండనిచ్చే బ్రిడ్జింగ్ వీసా మీద ఉంది. ఆ వీసా దేశం లోపల ఉన్నంతసేపే పనిచేస్తుంది. విడిగా అనుమతి తీసుకోకుండా వేరే దేశం వెళ్తే అక్కడితో అయిపోతుంది, తిరిగి రావడానికి ఉండదు. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపరు. వచ్చేటప్పుడే ఆపుతారు.

అప్పుడే కిరణ్ పార్కింగ్ మీటర్లో చిల్లర వేయడానికి బయటికి వెళ్లాడు. అద్దంలోంచి వాడు రోడ్డు దాటుతూ కనిపించాడు. ఈలవేస్తూ వెళ్తున్నాడు. అవతల ఆపి ఉన్నది మురళిని దింపిన కారే.

నేను శైలజ వైపు తిరిగాను. పాస్‌పోర్టులు ఉన్నప్పుడు ఊరికే సముద్రం మీద తిరిగి రావడం దేనికి, పక్క దేశంలో నౌమియా రేవు దాకా వెళ్లే ఓడ ఉంది, ఖర్చులో పెద్ద తేడా లేదు, ఆ దీవులు చూసి తీరాలి అన్నాను. రంగుల పుస్తకం ముందుపెట్టాను. ఆ పిల్ల బొమ్మలు చూసి మురిసింది. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని నెమ్మదిగా అడిగింది.

"నా వీసా ఇంకా రాలేదు కదా వదినా. వెళ్తే ప్రాబ్లం ఉండదా?"

నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

"ఓడ ఎక్కడానికి పాస్‌పోర్ట్ చాలు శైలజా."

ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి? ఓడ ఎక్కడానికి పాస్‌పోర్టు చాలు. నిజమే. ఎన్నేళ్లు ఈ ఒక్క మాట పట్టుకుని నన్ను నేను సమర్థించుకున్నానో లెక్కలేదు. తను అడిగింది తిరిగి రావడం గురించి. నేను ఎక్కడం గురించి చెప్పాను. అంతే.

కిరణ్ తిరిగొచ్చేసరికి నౌమియా ఓడ ఖాయమైపోయింది. మా తమ్ముడు ఎలా వెళ్లాడో నీ పెళ్లాం అలా వెళ్లాలి, ఎయిర్‌పోర్టులో నిలబడి నువ్వు నిజంగా ఏడవాలి అని నేను అనుకున్నాను. ఈ మాటలతోనే అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. యజమాని కాఫీ కప్పు తెచ్చి బల్ల మీద పెడితే శైలజ ముఖం తిప్పుకుని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఇంకెవరికైనా అర్థం కాకపోవచ్చు. నాకు అర్థమైంది. తర్వాత వాళ్లు చెప్పేదాకా కడుపుతో ఉన్న సంగతి తెలియదని అందరితో అన్నాను. నాతో నేనూ అదే అనుకుంటూ వచ్చాను. తెలుసు. ఆ రోజే తెలుసు.

ఓడ తిరిగొచ్చిన రోజు రేవులోనే శైలజని పక్కకి తీసుకెళ్లారు. కిరణ్‌ని లోపలికి రానిచ్చారు, ఆమెని రానివ్వలేదు. ఒక రాత్రి ఎక్కడో ఉంచి ఇండియా విమానం ఎక్కించారు. కిరణ్ నాకు ఫోన్ చేసి మాట్లాడలేక మాట్లాడాడు. నేను అయ్యో అన్నాను. బాగానే అన్నాను. చివర్లో వాడు ఒక మాట అడిగాడు.

"శైలజ నిన్ను వీసా గురించి అడిగానంటోందక్కా. అడిగిందా?"

"లేదు కిరణ్. అడిగితే చెప్పనా?"

వాడు నా మాటే నమ్మాడు. నేను ఏజెంటుని, అక్కని, ఆదివారాలు అన్నం పెట్టినదాన్ని. ఆ పిల్ల పెళ్లై ఏడాది కూడా కాని భార్య. తప్పు తనది పెట్టుకుని నా మీదకి నెడుతోందని వాడు ఆమెతో ఫోన్లోనే పోట్లాడాడట. కడుపుతో ఉన్న మనిషితో.

మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. వీసా ఏడాది దాటినా రాలేదు. ఉద్యోగం వదిలి వెళ్తే తన వీసా పోతుందని కిరణ్ ఇక్కడే ఉండిపోయాడు. పాప ఒంగోలులో పుట్టింది. బోర్లా పడటం, పాకడం, మొదటి పన్ను, అన్నీ వాడు ఫొటోల్లోనే చూశాడు. ఆదివారాలు మా ఇంట్లో ఆ ఫొటోలు చూపిస్తూ అన్నం కలుపుకుని తినకుండా కూర్చునేవాడు. నేను ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. నిజం చెప్పడానికే రాస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, నాకు తృప్తిగా ఉండేది.

ఆ ఫొటోలు తీసి పంపింది ఎవరో తెలుసా? మురళి. శైలజ సంగతి తెలిసి చీరాల నుంచి ఒంగోలు వెళ్లాడట. పాపని ఎత్తుకున్నాడట. కిరణ్ చెప్పకపోయినా ఆ సర్టిఫికెట్ ఎప్పుడో బయటపడేదేలే అక్కా అని నాతో ఫోన్లో తేలిగ్గా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం ఈ పని చేశానో వాడే దాన్ని వదిలేస్తే, ఇక నేను చేసింది ఏమిటి? ఎవరి కోసం? వాడితో చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. కారణం వాడికి ఇప్పటికీ తెలియదు.

శైలజ చివరికి వచ్చింది, పాపని చంకన వేసుకుని. వచ్చిన కొద్ది రోజులకే ఒంగోలు నుంచి తెచ్చిన వాళ్లమ్మ చేతి సున్నుండలు పట్టుకుని ఒంటరిగా మా ఇంటికి వచ్చింది. పాపని కిందకి దింపింది. డబ్బా నా చేతిలో పెట్టింది.  తర్వాత నా ముఖంలోకి చూసింది.

"ఆ రోజు నేనడిగింది మీకు వినపడలేదేమో వదినా. అవునా?"

ఆమెకి తెలుసు. తెలిసే, నాకు తప్పించుకునే దారి ఒకటి వదిలింది. వినపడిందమ్మా అని నేను అంటే చాలు, ఇంటికి వెళ్లి మొగుడి ముందు తల ఎత్తుకుని నిలబడేది. నేను ఆ తప్పించుకునే దారే పట్టుకున్నాను.

"వినపడలేదు శైలజా."

తలూపింది. పాపని ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు వేసుకుంటూ, ఆరోగ్యం జాగ్రత్త వదినా అంది. మళ్లీ మా ఇంటికి రాలేదు.

కిరణ్ ఆ విషయం వదలలేదని తర్వాత వాళ్ల వల్లా వీళ్ల వల్లా తెలిసింది. ఏ చిన్న గొడవ వచ్చినా ఓడ దగ్గరికే తెచ్చేవాడట. సొంత వీసా చూసుకోవడం చేతకాక కూతుర్ని తండ్రికి దూరం చేసినదానివి అనేవాడట. నలుగురిలోనూ అనేవాడట. కొన్నేళ్లకి ఆమె కూతుర్ని తీసుకుని కాన్‌బెర్రా వెళ్లిపోయింది. అక్కడ హారిసన్‌లో ఇల్లు కొనుక్కుంది, ప్రభుత్వ ఉద్యోగం చేస్తోంది. వాళ్లు విడిపోయారని విన్న రోజు నాకు మొదట ఏమనిపించిందో తెలుసా? వాడు ఒంటరివాడయ్యాడు, బాగైంది అనిపించింది. ఆ తర్వాతే ఆమె గుర్తొచ్చింది. ఎప్పుడూ ఈ వరసే. ముందు వాడు, తర్వాత ఆమె. కొట్టాలనుకున్నది వాడిని. దెబ్బ పడుతూ వచ్చింది ఆమెకి, ఇన్నేళ్లూ, నా నోటి నుంచి ఒక్క మాట రాక.

మొన్నీమధ్య ఎవరి ఇంట్లోనో సత్యనారాయణ వ్రతంలో ఆ అమ్మాయిని చూశాను. పెద్దదైంది, యూనివర్సిటీకి వెళ్తోంది. నేనెవరో పక్కవాళ్లు చెబితే వచ్చి పక్కన కూర్చుని ఇంగ్లీషులో పలకరించింది. మీకు తెలుసా ఆంటీ, మా అమ్మ ఏదో పేపర్ మర్చిపోవడం వల్ల నేను ఇండియాలో పుట్టానంట, అని నవ్వుతూ చెప్పింది. ఇంట్లో అలా చెప్పుకుంటున్నారన్నమాట. శైలజ తన కూతురికి కూడా నా పేరు చెప్పలేదు.

నేను ప్రసాదం ప్లేటు పట్టుకుని అవునా అన్నాను. 

హారిసన్ ఇక్కడి నుంచి కారులో ఒక పూట ప్రయాణం. వెళ్లి చెప్పొచ్చు. చెబితే కిరణ్‌కీ చెప్పాలి. వాడి ముందు తప్పు నాది అని నిలబడటం నావల్ల కాదు. సిగ్గు కాదు, కోపం. ఇంకా తగ్గలేదు. తమ్ముడి కోసం పుట్టిన కోపం తమ్ముడు మర్చిపోయాక కూడా నాలో ఎందుకు బతికుందో నాకు తెలియదు. ఆమెకి న్యాయం చేయాలంటే వాడికి తల వంచాలి. అక్కడే ఆగిపోతున్నాను. ప్రతిసారీ అక్కడే.

వాళ్లకి టికెట్లు రాసిన ఆ శనివారం సాయంత్రం పారమట్టా స్టేషన్‌కి నడుచుకుంటూ వెళ్లాను. దారిలో నాకోసం మల్లెపూల వాసన ఉన్న సబ్బు ఒకటి కొనుక్కున్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. ఇంటికెళ్లి కడుపునిండా తిని, ఒళ్లెరగకుండా నిద్రపోయాను. అన్నిటికంటే ఇది చెప్పడమే నాకు కష్టమైంది. చెప్పేశాను.