ఎర్ర రంగు పూసిన కోతిపిల్ల

ఖానాపురం హవేలి కాలనీలో ఇవాళ మా ఇంటి గేటుకు ఎర్ర పెయింటు వేస్తున్నారు. ఆ వాసనకు తింటున్న అన్నం వదిలేసి లేచాను.

మా ఈడు పల్లెటూరి వాళ్లూ, గుర్తుందా? చేను గట్టున డాల్డా డబ్బా వాయిస్తూ కోతుల్ని తోలేవాళ్లం. బూర్గంపాడు దగ్గర మా మొక్కజొన్నను ఒక గుంపు ఒక్క పూటలో నాశనం చేసింది. కడుపు మండిన మా బాబాయి వల వేసి ఒక పిల్లకోతిని పట్టాడు. ఎడ్లబండికి వేయగా మిగిలిన ఎర్ర పెయింటు దాని ఒళ్లంతా పూశాడు.

“ఇగ సూడుండ్రి, దీన్ని సూసి గుంపంతా అడివిల పడ్తది!” అని వదిలాడు.

నిజంగానే గుంపు హడలిపోయి పరుగెత్తింది. పిల్ల కీచుమంటూ వెంటపడింది. గట్టున జనం ఈలలు వేశారు. నాయనమ్మ ఒక్కతే, “తల్లి కోసం ఉరుకుతాందిరా అది!” అని అరిచింది. అంతలో పెద్ద గండుకోతి వెనక్కి తిరిగి దాని మెడ కొరికి, నేలకేసి కొట్టింది.

అప్పుడొచ్చింది తల్లి. చచ్చిన బిడ్డను ఒళ్లో వేసుకుని, గోళ్లతో ఆ రంగు గీకుతూ కూర్చుంది. రాళ్లు పడుతున్నా కదల్లేదు.

పంట దక్కాలి, కోతీ బతకాలి. ఆ దారి వెతకడమే ఇప్పుడు నా పీహెచ్‌డీ. కోతులే ఎందుకని అడిగేవాళ్లకు ఈ కథ ఎన్నడూ చెప్పలేదు.

“మేడం, ఇంకో కోటింగ్ వెయ్యాల్నా?” అన్నాడు పెయింటర్.

“వద్దన్నా. ఉన్నదంతా గీకెయ్.”