నాలుగు బట్టీలు, నాలుగు కుండలు

మా కాలంలో మద్రాసులో నాలుగు ముక్కలు చదివొచ్చిన కుర్రాడికి రెండు జబ్బులు పట్టేవి: జేబులో పెన్ను, ఎదుటివాడికి ఏమీ తెలియదన్న నమ్మకం. నాకు రెండూ గట్టిగానే పట్టాయి. (పెన్ను కారి చొక్కా పాడైంది. నమ్మకం సంగతి చెబుతాను.) పిడుగురాళ్లలో ఓ సున్నం బట్టీల షావుకారు దగ్గర గుమాస్తాగా చేరాను. నాలుగు బట్టీలు, ఒకదాంట్లో రాయి పేరుస్తుంటే ఇంకోటి కాలుతుండేది, మరోటి చల్లారుతుండేది. ఏది ఎప్పుడో తెలియక సున్నం లారీలు కాలే బట్టీ ముందు నిలబడి హారన్లు కొట్టేవి. "శనివారానికి ఆరు లారీల సున్నం పోవాల. అది పోకపోతే నువ్వు పోతావు," అన్నాడు షావుకారు.

గోడంత చార్టు గీశాను. కాలేదానికి ఎరుపు, చల్లారేదానికి నీలం, సున్నం తీయాల్సినదానికి పసుపు, ఖాళీదానికి తెలుపు. రంగు కాగితాలు గుచ్చి, మురిసిపోయి, క్వారీకి వెళ్లి మర్నాడు వచ్చేసరికి నాలుగూ తెలుపే! ఆహా, నా ప్లాను ఏం పరిగెడుతోందిరా అనుకుని నాలుగు బట్టీలకీ రాయి లారీలు రప్పించాను. తీరా చూస్తే అది సున్నం దుమ్ము. (బట్టీల దగ్గర తెలుపును గుర్తుగా పెట్టిన మహానుభావుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.) రాయి లారీలూ సున్నం లారీలూ ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. అప్పటికి గురువారం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గంపలు మోసే ఆడవాళ్లలో అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆవిడ నా చార్టు మీద వేలితో గీటు గీసి చూసింది. "ఏంది నాయనా, ఇంత చదివి దుమ్ముకి దొరికిపోయావా? మా ఇంట్లో కుండ బోర్లిస్తే అన్నం లేదని పిల్లలు అడక్కుండానే తెలుసుకుంటారు. బట్టీకీ ఓ కుండ కట్టరాదా?" అంది. ఆవిడ లెక్క ఇదీ: బోర్లా కడితే బట్టీ ఖాళీ, రాయి పొయ్యండి. నిలువునా కడితే వేడిగా ఉంది, జోలికి పోవద్దు. దించేస్తే వడ్డన, సున్నం ఎత్తుకోండి. సిగ్గేసింది. అయినా శనివారం ముంచుకొస్తున్నవాడికి పౌరుషమేంది? గంటలో బట్టీకో గుంజ పాతి నాలుగింటికీ కుండలు కట్టాం. రోడ్డు మీద నుంచే డ్రైవర్లు కుండ చూసి లారీ తిప్పుకున్నారు. దుమ్ము పడ్డా కుండ కుండే!

శనివారం మధ్యాహ్నానికి ఆరో లారీ వెళ్లిపోయింది, ఏడోది నిండుతోంది. కూలీలంతా ఈలలు. షావుకారు నా భుజం చరిచి, "మద్రాసు చదువంటే ఇదిరా!" అన్నాడు. ఆ మాట చానా తియ్యగా ఉంది. ఒక్క గుటకేసి, "పెద్దమ్మ చదువండీ," అన్నాను.

ఆయన ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "అయితే సోమవారం నుంచి ఆమె గంప దించి మేస్త్రీ పని చూసుద్ది. నువ్వూ ఉండు, ఆమె చెప్పింది చెయ్యటానికి."

సోమవారం పొద్దున్నే పెద్దమ్మ కొంగు బిగించి, "ఒరేయ్ అబ్బాయా, రెండో బట్టీ కుండ తిప్పు!" అని కేకేసింది. తర్వాత ముప్పై ఏళ్లు ఎన్ని ఫ్యాక్టరీల్లో ఎందరు ఆఫీసర్ల ఆర్డర్లు మోశానో! పరిగెత్తుకుంటూ పోయి చేసింది మాత్రం ఆ ఒక్కటే.