నలభై ఒకటో నంబరు ఆవు

మాంసం కోసం పెంచే ఆవుల చెవులకు తగిలించే సెన్సర్లు తయారుచేసే చిన్న కంపెనీలో నేను పనిచేస్తున్నాను. ఇంట్లో ఈ మాట ఇలా చెప్పలేదు. "ఆవుల ఆరోగ్యం కనిపెట్టే సాఫ్ట్‌వేర్ అమ్మా" అన్నాను. అవి పాడి ఆవులనుకుంది అమ్మ. నేను సరిదిద్దలేదు. ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని స్నేహితులకు మాత్రం తెలుసు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి వెళ్తే ఎవరో ఒకరు, "ఏంటి, గోమాత ఎలా ఉంది?" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అంతకుముందు ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, కనబడిన ప్రతి కంపెనీకీ అప్లై చేస్తున్న రోజుల్లో నన్ను తీసుకున్నది వీళ్లే. ఏం అమ్ముతారని అప్పుడు నేను అడగలేదు.

పని మాత్రం నాకు నచ్చింది. చెవికి గుండీలా తగిలించిన ట్యాగ్, ఆవు ఎంతసేపు నెమరు వేసిందీ, ఎన్నిసార్లు లేచిందీ, ఒంటి వేడి ఎంతున్నదీ గంటగంటకూ చెబుతుంది. జబ్బు మనిషి కంటికి కనిపించేలోపే ప్రోగ్రాం పసిగడుతుంది. ఈనబోయే ఆవు మందను విడిచి పక్కకు పోయి, నిలవలేక లేస్తూ పడుకుంటూ ఉంటుంది. అది గుర్తుపట్టి రైతు ఫోన్ మోగించే భాగం నేను రాసిందే.

బ్లూ రిడ్జ్ కొండల అవతల లోయలో అరవై ఆవులున్న ఒక పెద్దాయన మా తొలి కస్టమర్లలో ఒకడు. డెబ్బై దాటిన మనిషి. భార్య పోయి ఏడాది కాలేదు. తుంటికి ఆపరేషన్ అయింది. ట్యాగులు తగిలించే రోజు నేనూ వెళ్లాను. మిగతా ఆవులను ఇనుప బోనులోకి తోలడానికి నానా అవస్థ పడ్డాం. ఒక్క ముసలి ఆవు మాత్రం తనంతట తానే ఆయన దగ్గరకు నడిచి వచ్చి తల వంచి నిలబడింది. దానికి నలభై ఒకటో నంబరు ట్యాగ్ పడింది.

"దీని తల్లి ఈనుతూ మంచులో చచ్చిపోయింది. మా ఆవిడ దీన్ని వంటగదిలో పొయ్యి పక్కన పెట్టి సీసాపాలతో పెంచింది" అన్నాడాయన ఇంగ్లీషులో, తన లోయ యాసలో.

ఈనికల రోజుల్లో భార్యాభర్తలిద్దరూ తెల్లవారకముందే లేచి మంద మొత్తం చుట్టి వచ్చేవారట. ఇప్పుడు కర్ర సాయంతో ఒక్కడే తిరుగుతున్నాడు.

"ఇక మీరు చలిలో తిరగక్కర్లేదు. ఏదైనా ఉంటే ఫోనే మిమ్మల్ని లేపుతుంది" అన్నాను. గర్వంగానే అన్నాను.

మొదటి శీతాకాలం నా మాట నిలబడింది. ఫోన్ మోగడంతో, కడుపులో అడ్డం తిరిగిన ఒక దూడను సమయానికి బయటికి లాగగలిగాడు. ఫోటో పంపాడు. ఆ ఎండాకాలం ఒకసారి ఫోన్ చేశాడు. "మీ యాప్ ఆ ముసలిదాని పక్కన ఎర్ర గుర్తు పెట్టి, అమ్మేయమంటోంది. ఆ గుర్తు తీసేయగలవా? చూడలేకపోతున్నాను." ఆవుకు వయసు పైబడి, అది ఈనే దూడల బరువు తగ్గితే వచ్చే గుర్తు అది. నిబంధనలకు విరుద్ధమైనా తీసేశాను.

రెండో శీతాకాలం మొదట్లో వేల పశువులుండే పెద్ద పెద్ద రాంచ్‌ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఉత్తుత్తి అలర్టులు ఎక్కువగా వస్తున్నాయని. మా టీం లీడ్ కరీంనగర్ మనిషి. మంచివాడు.

"నోటిఫికేషన్స్ మొత్తం మ్యూట్ చేసేస్తున్నరు వాళ్లు. థ్రెషోల్డ్ కొంచెం పెంచెయ్" అన్నాడు.

"టెస్ట్ చేయడానికి ఇంకో రెండు వారాలు కావాలండీ."

"సీజన్ అయిపోతది. ఉన్న డేటాతో టెస్ట్ చెయ్. బాగొస్తే రిలీజ్ చేద్దాం."

ఉన్న డేటాతో బాగానే వచ్చింది. ఆవు మునుపటికన్నా ఎక్కువగా, ఎక్కువసేపు మెసిలితేనే ఫోన్ మోగేలా మార్చాను.

ఫిబ్రవరి చివర, ఒక సోమవారం పొద్దున పదింటికి పెద్దాయన ఫోన్ చేశాడు.

"నలభై ఒకటి పోయింది. దూడ కూడా."

మళ్లీ ఆయనే అన్నాడు: "ఫోన్ మోగలేదు. నేనే ఏదో నొక్కేసి ఉంటాను. సైలెంట్‌లో ఉందేమోనని చూశాను, లేదు. నా మనవరాలు ఎన్నిసార్లు చెప్పినా నాకు ఈ ఫోన్ వాడటం రాదు. నేనేం తప్పు చేశానో కాస్త చూసి చెబుతావా?"

చూశాను. ఆ పొద్దున ఐదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా నలభై ఒకటి గ్రాఫ్ నా ముందుంది. ముసలి ఆవులు నొప్పులకు పెద్దగా మెసలవు. ఒకచోట పడుకుని ఓర్చుకుంటాయి. అది లేచింది కొద్దిసార్లే. పాత లెక్క ప్రకారమైతే ఆరు కాకముందే ఫోన్ మోగేది. నా టెస్ట్ డేటాలో అంత వయసు ఆవులు దాదాపు లేనే లేవు. ఎందుకుంటాయి? ఆ వయసు వచ్చేలోపే అందరూ అమ్మేస్తారు.

లీడ్‌కు చూపించాను. "మెయిల్‌లో ఏం రాయకు. లీగల్ వాళ్లతో మాట్లాడాలె. నీ వీసా సంగతి కూడా ఆలోచించుకో" అన్నాడు. బెదిరింపు కాదది, భయం.

ఆ వారమంతా ఆలోచించాను. ఆయన తప్పేమీ లేదని చెప్పాలంటే అది ఎవరిదో చెప్పాలి. పైగా మంగళవారం నుంచి నలభై ఒకటో నంబరు రోజూ పొద్దున్నే నడుస్తున్నట్టు స్క్రీన్ మీద కనబడుతోంది. చచ్చిపోయిన ఆవు నడుస్తున్నట్టు.

శనివారం డ్రైవ్ చేసుకుని వెళ్లాను. వరండాలో కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. మార్చింది నేనని, సరిగా పరీక్షించలేదని, ఆయన ఫోన్‌లో ఏ లోపమూ లేదని.

ఆయన అడిగాడు. "ఎంతసేపు నొప్పులు పడింది?"

"మూడున్నర గంటలు."

"ఆరింటికి లేచి కాఫీ పెట్టుకున్నాను. ఫోన్ చూశాను. ఏమీ లేదు కదా అని ఇంకో కప్పు తాగాను. వెనక కాళ్లు ముందుగా వచ్చిన దూడ అది. మా ఆవిడా నేనూ అలాంటివి ఎన్నో లాగాం. ఇరవై నిమిషాల పని."

"నన్ను క్షమించండి" అన్నాను.

"ఇవన్నీ జనం తినడానికే పెంచుతాను. ఆ సంగతి నాకు తెలుసు. కానీ బురదలో ఒంటరిగా చావడానికి మాత్రం నేను దేన్నీ పెంచలేదు" అన్నాడు.

తర్వాత చొక్కా జేబులోంచి పసుపుపచ్చ ట్యాగ్ తీసి నా చేతిలో పెట్టాడు. పూడ్చేముందు కోసి తీశాడట. మళ్లీ పొద్దున్నే మంద చుట్టూ తిరుగుతున్నాడు, అది జేబులో వేసుకుని. స్క్రీన్ మీద నడిచింది ఆయనే. ఆ ట్యాగ్ ఆయన ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది. అప్పుడు ఏడ్చాను. ఆయన లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

సోమవారం లీడ్ అడిగాడు, "చెప్పేశావా?" అని. చెప్పానన్నాను. తల ఊపాడు. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. వయసును బట్టి లెక్క మారేలా ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఆ సీజన్ చివర్లో ముసలి ఆవులు కొన్ని దానివల్ల బతికాయి. ఆ మాట ఆయనకు చెప్పాలనుకుని చెప్పలేకపోయాను.

ఆకులు రాలే కాలంలో ఆయన తుంటి మళ్లీ దెబ్బతింది. మంద మొత్తం అమ్మేశాడు. ట్యాగులన్నీ ఒక్కొక్కటిగా ఆఫ్ చేయాల్సిన పని నాకే పడింది. మర్నాడు ఆయనకు ఫోన్ చేశాను.

"ఇప్పటికీ ఐదింటికే మెలకువ వస్తోంది" అన్నాడు. "లేచి బూట్లు వేసుకుంటాను. వేసుకున్నాక గుర్తొస్తుంది." తర్వాత అడిగాడు: "మీ దేశంలో ముసలి ఆవుల్ని ఏం చేస్తారు?"

కొందరు చచ్చేదాకా మేపుతారని, కొందరు రోడ్డు మీదకు వదిలేస్తారని, ఇంకొందరు ఎవరూ చూడకుండా అమ్మేస్తారని చెప్పాను. అంతే నాకు తెలిసింది. ఆయన "ఊఁ" అన్నాడు.