ఉంగరం వేలికి ప్లాస్టర్

పదిహేనేళ్లలో ఏడు క్లబ్బులకు క్రికెట్ ఆడాను. ఎవరు పిలిస్తే వాళ్ల చొక్కా తొడుక్కున్నాను. ఓపెనర్ రాకపోతే ఓపెనర్ని, స్పిన్నర్‌కి భుజం పట్టేస్తే స్పిన్నర్ని, కీపర్ లేకపోతే కీపర్ని. అన్నీ చేస్తాడని పిలిచేవాళ్లు. అన్నీ చేస్తాడనే ఒకచోట నిలవనిచ్చేవాళ్లు కాదు. ఆ కడుపుమంటతోనే ఒక తప్పు చేశాను.

ఒక మ్యాచ్‌లో నాకు మూడో స్థానంలో బ్యాటింగ్ ఇస్తామన్నారు. ఎన్నాళ్లుగానో అడుగుతున్న చోటు. కానీ మా కీపర్‌కి బొటనవేలు వాచి ఉంది. ఉప్పళంలో ఉండే అతన్ని నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అతనికి బదులు గ్లవ్స్ నాకిస్తారని, కీపింగ్‌తో అలసిపోయానని ఏడో స్థానానికి దించుతారని నాకు తెలుసు. అందుకే నటేశన్ నగర్‌లో ఇంటి దగ్గరే, ఏ దెబ్బా లేని ఉంగరం వేలికి ప్లాస్టర్ చుట్టుకుని బయల్దేరాను.

"ఏంది వేలికి?" అన్నాడు కెప్టెన్.

"నెట్స్‌లో బంతి తగిలింది."

అన్న వాచిన వేలితోనే గ్లవ్స్ తొడుక్కున్నాడు. సాయంత్రానికి ఆ బొటనవేలు విరిగింది. మళ్లీ పూర్తిగా వంగలేదు. క్లబ్ ఆట అతనికి అంతటితో సరి. మూడో స్థానంలో దిగిన నేను పదకొండు పరుగులు చేశాను.

నిజం చెప్పడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. పోయిన నెల అతని ఇంటికి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా అంతా చెప్పేశాను.

"తెలుసులేరా," అన్నాడు. "పొద్దున ఉంగరం వేలికి ఉన్న ప్లాస్టర్, అన్నం తిన్నాక నడిమి వేలికి వచ్చింది. సాంబార్‌లో తడిసిందని మార్చినావు. ఏ వేలో మరిచిపోయినావు."

"అప్పుడే అడగలేదేంది అన్నా?"

"నువ్వే వచ్చి చెప్తావని చూసినా. శానా లేటుగా వచ్చినావు." కాసేపు తన బొటనవేలు చూసుకున్నాడు. "కోపం లేదని చెప్పను. ఆదివారం కదిర్కామంలో మా వయసోళ్ల మ్యాచ్ ఉండాది. కీపర్ లేడు. వేళ్లు బాగుండాయా, ప్లాస్టర్ తెచ్చుకుంటావా?"

ఆదివారం వెళ్లి గ్లవ్స్ తొడుక్కున్నాను. బ్యాటింగ్ ఎన్నో స్థానమని అడగలేదు. అతను స్లిప్‌లో, నా పక్కనే నిలబడ్డాడు.

"ఇంకా కిందికి కూర్చో," అన్నాడు.

మోకాళ్లు నొప్పెడుతున్నా కూర్చున్నాను.